మావయ్య హెరాల్డు: పర్లాకిమిడి పెరటి డైరీ

2023 నవంబరు 12, దీపావళి

షాపు మూత. మావయ్య పాత హెరాల్డు కారుని, బాగుచేద్దామని, ఆయన ఇంటి పెరట్లోంచి మా పెరట్లోకి తెచ్చాం. నాలుగు చక్రాల్లో తిరిగేది ఒక్కటే. అందుకని ఆరుగురు మనుషులు, రెండు సరుగుడు బాదులు, ఒక ట్రాక్టరు తొట్టి కావాల్సొచ్చాయి. వీధి మలుపులో పిల్లలు అప్పటికే టపాకాయలు మొదలెట్టారు. "తారాజువ్వలు ఇటు కొట్టకండర్రా, డిక్కీలో ట్యాంకుంది" అని అరిచాను. పాతికేళ్లుగా కదలని బండి ట్యాంకులో ఏముంటుందని మా గుంటడు నవ్వాడు. గుంటడంటే నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. ఈ డైరీలో వాడు తరచూ వస్తాడు, ఎక్కువగా నన్ను చూసి నవ్వడానికి.

నాది ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మోటారు వైండింగు షాపు. పొలం పంపుసెట్లు, మిక్సీలు, పిండిమర మోటార్లు నా పని. రాగి తీగ మాకు అన్నం పెడుతోంది. ఇనుప రేకుతో మాత్రం నాకు పరిచయం తక్కువ. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, తర్వాత ఎవరూ వేలెత్తి చూపకుండా.

ఇక బండి సంగతి. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది, 1966 మోడలు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చింది. రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. ఇక్కడ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు చేశారు. మావయ్య 1979లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అప్పట్నుంచీ ఎవరితో మాట్లాడినా "నా స్పోర్ట్సు కారు" అనేవాడు. 948 సీసీ ఇంజను, 35 హార్స్ పవర్ కూడా నిండదు, ఇదేం స్పోర్ట్సు కారని మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్లం. తీరా ఇప్పుడు చదివితే ఆయన మాటలో సగం నిజముంది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అసలు సిసలు రెండు సీట్ల స్పోర్ట్సు కారు. దాన్ని ఈ హెరాల్డ్ చాసీనే, అంటే కింది ఇనుప చట్రాన్నే, కుదించి కట్టారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దీనికి 91.5 అంగుళాలుంటే దానికి 83. అంటే మా బండి స్పోర్ట్సు కారుకి పెదనాన్న వరస.

1998లో మావయ్య నడపడం మానేశాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి రేకుల షెడ్డు ఈ బండి మీదే కూలింది. అయిదేళ్లు ఆ రేకుల కిందే ఉంది.

మా అప్ప వచ్చి ఓసారి చుట్టూ తిరిగి చూసి, "కేజీ లెక్కన ఇనపకొట్టుకి ఇచ్చేస్తే పెరడైనా మిగులును కదరా" అంది.

నవంబరు 26

ఈ బండిలో నాలాంటి వాడికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇది ఒక్క ముక్క కాదు. కింద విడిగా చాసీ, దాని మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బాడీ. అప్పట్లో స్టాండర్డ్-ట్రయంఫ్‌కి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారైన బీఎంసీ కొనేసింది. మొత్తం బాడీని ఒక్కచోట చేసిచ్చేవాడు లేక, తలో చోట తలో ముక్క చేయించి బిగించుకునేలా గీసుకున్నారు. వాళ్ల ఇబ్బంది అరవై ఏళ్ల తర్వాత నా పెరట్లో సుఖమైంది. బానెట్టు మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి ఒరుగుతుంది. టాపు కూడా బోల్టులు విప్పితే ఊడొస్తుంది. క్రేను అక్కర్లేదు, లిఫ్టు అక్కర్లేదు. నేనూ, గుంటడూ, పక్కింటి బావా చాలు.

విప్పడం తేలికన్నాను గాని, బోల్టుల దగ్గర సగం రోజు పోయింది. వీటివన్నీ అంగుళం సైజులు. ఎప్పుడో ఎవరో మిల్లీమీటరు స్పానర్లతో తిప్పారు. అరంగుళం బోల్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 స్పానరు దానికి పట్టినట్టే పడుతుంది, గట్టిగా బలం పెట్టేసరికి మూలలు జారి తల గుండ్రమైపోతుంది. అలా గుండ్రమైనవి పదకొండు లెక్కపెట్టాను. సగం ఉలితో కొట్టి తిప్పాం, మిగతావి గ్యాసుతో కాల్చి ఊడదీశాం. సాయంత్రం బరంపురంలో తెలిసినాయనకి ఫోను చేసి పాత అంగుళం స్పానర్ల సెట్టు చెప్పాను. ఈ బండి మీద పెట్టిన మొదటి ఖర్చు అదే.

టాపు తీసేశాక సాయంత్రం ఎండలో చూస్తే నిజంగానే ఓపెన్ స్పోర్ట్సు కారులా ఉంది. మావయ్యకి ఫోటో పంపాను. "ఏట్రా, ఆపరేషనా, పోస్టుమార్టమా?" అని జవాబొచ్చింది.

డిసెంబరు 10

ఇవాళ రేకు పని చేసే టింకరు భైనా వచ్చాడు. ఒడియా మనిషి, వయసు అరవై దాటింది. తెలుగు మనకంటే స్పష్టంగా మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం ఒడియాలోకి దిగిపోతాడు. ఇవాళ రెండు గంటలు ఒడియాలోనే మాట్లాడాడు.

కారణం ఎడమ తలుపు కింది గుమ్మం. పైకి చూస్తే నున్నగా ఉంది. భైనా సుత్తి వెనక్కొసతో తట్టాడు. ఠంగుమనాల్సిన చోట డబ్ అంది. గీకితే ముందు ఎర్ర రంగు, దాని కింద నీలం, దాని కింద తెలుపు, దాని కింద వేలెడు మందాన పుట్టీ. పుట్టీ కింద నూనె డబ్బా రేకు, రివెట్లు కొట్టి. డబ్బా మీది బొమ్మ ఇంకా కనిపిస్తోంది. ఆ రేకు కింద నలిపి కుక్కిన పేపరు, తడిసి తడిసి ముద్దయిపోయింది. అసలు ఇనుము ఎక్కడుందని వెతికితే చేతికి పొడి తగిలింది.

నేను తిత్లీని తిట్టుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. షెడ్డు కూలినప్పుడు బానెట్టు మీద పడ్డ సొట్ట మాత్రమే తుఫానుది. అది గంటలో సరయ్యే పని. గుమ్మం, నేల, చాసీ పక్క ఊతలు, ఇవన్నీ తుఫానుకి ముందే పోయాయి. పోగొట్టింది రిపేర్లే. చాసీకి అడ్డంగా బయటికి పొడుచుకొచ్చే ఊతలు ఈ రకం బండ్లలో మొదట తుప్పు పట్టే చోటు. లోపల బోలు, మట్టీ నీళ్లూ చేరితే బయటికి పోయే దారి లేదు. ఎవరో ఆ చోట కూడా పుట్టీ పూసి నల్ల రంగు కొట్టారు.

"ఊతలు కోసేసి కొత్తవి చెయ్యాలి. 16 గేజి" అన్నాడు భైనా. గుమ్మాలకి అంతకంటే పల్చటి 20 గేజి రేకు చాలన్నాడు. పుట్టీ మాట ఎత్తితే మళ్లీ రానని కూడా అన్నాడు. నేనెత్తలేదు.

డిసెంబరు 24

బయట చలి, లోపల వెల్డింగు పొగ. ఊతలు కోసే ముందు తలుపుల బెజ్జాలకి అడ్డంగా ఇనుప కమ్ములు వెల్డు చేశాం. అలా చెయ్యకపోతే గుమ్మం తీసేయగానే బాడీ నడుం వంగిపోతుంది, తర్వాత తలుపు జన్మలో పడదు. ఎడమవైపు రెండు కమ్ములు సరిపోతాయన్నాను. భైనా మూడన్నాడు. నేనే గెలిచాను. ఎందుకు గెలిచానా అని తర్వాత బాధపడ్డాను.

2024 జనవరి 16, కనుమ

ఇంజను పట్టేసింది. పుల్లీ నట్టుకి పొడుగు రాడ్డు పెట్టి ఇద్దరం వేలాడినా కదల్లేదు.

ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలో డీజిలూ గేరు ఆయిలూ కలిపి పోశాను. పొద్దున్న ఒకటి, రెండు, నాలుగులో మట్టం తగ్గింది, మూడులో తగ్గలేదు. అంటే మూడోది గట్టిగా పట్టుకుంది. రోజూ కొంచెం పోయడం, నట్టు మీద ఓ తోపు తొయ్యడం. బలం పెట్టకూడదు. పెడితే రింగు విరిగి సిలిండరు గోడని గీసేస్తుంది. ఈ ఓపిక నాకు వైండింగులోనే అలవాటైంది. కాలిన మోటారులోంచి పాత తీగ లాగేటప్పుడు తొందరపడితే స్లాటు చీలిపోతుంది.

పద్నాలుగో రోజున, అంటే ఇవాళ, కనుమ నాడు, టక్కుమని వేలెడు తిరిగింది. మినపగారెలు తింటూ రాస్తున్నాను.

ఫిబ్రవరి 18

ఇంజను కింద పెట్టి విప్పాం. గేరుబాక్సు తియ్యడానికి బండి కిందికి దూరక్కర్లేదు. ముందు సీట్ల మధ్య ఉండే మూపురం లాంటి మూత తీసి లోపల్నించే ఎత్తెయ్యొచ్చు. ఆ మూత నొక్కిన అట్టతో చేసింది. చెదలకి అది విందు భోజనం. మిగిలిన ముక్కలు కాగితం మీద పేర్చి కొలతలు గీసుకున్నాను. కొత్తది ఫైబర్ గ్లాసుతో చెయ్యాలి.

క్లచ్చు తొక్కినప్పుడు ముందున్న పుల్లీ ముందుకి కదులుతుందేమో చూడాలని ముందే చదివాను. ఈ ఇంజన్లకి అదొక పేరుమోసిన జబ్బు. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ముందుకీ వెనక్కీ జరక్కుండా వెనక బేరింగు దగ్గర అర్ధచంద్రాకారపు వాషర్లు రెండుంటాయి. క్లచ్చు తొక్కినప్పుడల్లా ఆ తోపు వాటి మీదే పడుతుంది. అరిగి అరిగి చివరికి కింద సంపులోకి, అంటే ఆయిలు తొట్టిలోకి, రాలిపోతాయి. అప్పుడు క్రాంకు బ్లాకునే రాసుకుంటుంది, ఇంజను పనికి రాదు. జరగనివ్వాల్సింది అంగుళంలో వెయ్యో వంతు లెక్కన, మా లేతు వాళ్ల భాషలో, నాలుగు నుంచి ఎనిమిది థౌ. మాది 14 చూపించింది. వాషర్లు మాత్రం రాలలేదు, చోటులోనే ఉన్నాయి. ఆ క్షణంలో దేవుడికి కొబ్బరికాయ మొక్కాను.

బ్లాకూ క్రాంకూ చిన్న ట్రక్కులో వేసుకుని బరంపురం లేతు షాపుకి తీసుకెళ్లాను. 63 మిల్లీమీటర్ల బోరు, మూడో సిలిండరులో తుప్పు గుంటలు. 30 థౌ పెద్దగా బోరు చేస్తే గుంటలు పోతాయన్నాడు ముసలాయన. "పిస్టన్లు ముందు తెచ్చి నా చేతిలో పెట్టు, తర్వాతే బోరు" అన్నాడు. నచ్చాడు. పిస్టన్లు, థ్రస్టు వాషర్లు, గాస్కెట్లు ఇంగ్లండు నుంచి రావాలి. ఆ దేశంలో ఈ బండ్లకి ఇంకా సామాను దొరుకుతుంది. తయారైన దేశంలో దొరకడం వింత కాదు గాని, మన మద్రాసులో చేసిన బండికి మన దగ్గర దొరక్కపోవడం ఒళ్లు మండిస్తుంది.

అక్కడ టీ తాగుతుంటే ఇద్దరు సలహా ఇచ్చారు: "మారుతీ ఇంజను పెట్టేయండి సార్, ఏసీ కూడా వస్తుంది". ఇలాంటి సలహా ఇది తొమ్మిదోది.

మార్చి 10

ఇవాళ నా రోజు. డైనమో.

బ్యాటరీని చార్జి చెయ్యడానికి ఈ బండికి ఆల్టర్నేటరు లేదు, డైనమో ఉంది. పైగా పాజిటివ్ ఎర్తు. అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలుస్తుంది, ఇప్పటి బండ్లకి తలకిందులు. ఆ సంగతి తెలియని ఎవరో కొత్త బ్యాటరీని తిరగేసి బిగించారు. సరే, బిగిస్తే బిగించారు, స్పార్కు పుట్టించే కాయిలు మీది తీగలైనా మార్చాలి కదా. మార్చలేదు. అప్పుడు స్పార్కు అటునుంచి ఇటు కాకుండా ఇటునుంచి అటు దూకుతుంది. దూకుతుంది గాని నీరసంగా. చివరి రోజుల్లో పొద్దున్నే బండి స్టార్టవ్వక మావయ్య వీధిలో కనబడ్డ మనిషినల్లా తోయించేవాడు. ఊళ్లో ఆయన్ని చూసి మనుషులు పక్కసందులోకి తిరిగేవాళ్లు. ఆ కష్టానికి మూలం రెండు తీగలు.

డైనమో విప్పాను. ఫీల్డు కాయిలు నిరోధం 5.9 ఓములు చూపించింది. ఆరు ఉండాలి, బాగున్నట్టే. లోపల తిరిగే ఆర్మేచరుని, చుట్లలో షార్టు పట్టించే గ్రౌలరు మీద పెట్టి హాక్సా బ్లేడు ఆనించి తిప్పుతూ పోయాను. ఒక స్లాటు దగ్గర బ్లేడు జర్రుమని కొట్టుకుంది. లోపల చుట్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. గుంటడికి చూపిస్తే, "మన పిండిమర మోటారులాగే ఉంది కదన్నా" అన్నాడు. అంతేరా. కారు డైనమో అంటే ఏదో దేవరహస్యం అనుకుంటారు గాని, ఇది మనం రోజూ చూసేదే, కొంచెం అందంగా చేశారు, అంతే.

పాత తీగ తీసి, ఎన్ని చుట్లు, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి, అన్నీ నోటుబుక్కులో రాసుకుని మళ్లీ చుట్టాను. వార్నిషు ముంచి, మా ఆవిడ చూడకుండా కేకుల ఓవెన్లో ఆరబెట్టాను. చూసింది. కమ్యుటేటరుని లేతు మీద సన్నగా తిప్పించి, రాగి పలకల మధ్య మైకాని పాత బ్లేడు ముక్కతో ఒక్కొక్క గాడీ లోతు చేశాను. మైకా రాగికంటే గట్టిది. అలాగే వదిలేస్తే రాగి అరిగి మైకా పైకి నిలుస్తుంది, బ్రష్షులు ఎగిరి నిప్పులు రాలుతాయి.

పరీక్ష: డి, ఎఫ్ రెండు టెర్మినల్సూ కలిపి బ్యాటరీ ఇస్తే డైనమో మోటారులా తిరగాలి. తిరిగింది. మెల్లగా, చప్పుడు లేకుండా. గుంటడు చప్పట్లు కొట్టాడు. ఈ బండి మొదలెట్టాక వాడు నన్ను చూసి నవ్వని రోజు ఇదే. బండికి బిగించాక ఎఫ్ తీగని లైవుకి ఒక్క క్షణం తాకించాలి. ఫీల్డు ఇనుములో మిగిలే అయస్కాంతం పాజిటివ్ ఎర్తుకి సరిపడా తిరుగుతుంది. అది మర్చిపోతే డైనమో చార్జింగు ఇవ్వదు.

ఏప్రిల్, మే

పంపుసెట్లు కాలిపోయే కాలం. షాపులో నిలబడ్డానికి చోటు లేదు. బండి మీద బరకం కప్పి ఉంది. పిస్టన్లొచ్చాయి, కస్టమ్సు కట్టాను, బోరు అయింది. అంతే.

జూన్ 16

ఈ పేజీ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ముందు చక్రాలు విప్పాం. ఈ బండిలో ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు ఉక్కు కడ్డీ ఒకటుంటుంది. దాని కింది కొసని మరలాగా చెక్కారు. ఆ మర ఒక కంచు దిమ్మలోకి దిగుతుంది. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రం ఆ మర మీదే తిరుగుతుంది. బండి ముందు భాగం బరువంతా మోస్తూ తిరుగుతుంది. కుడి ఎడమలకి మరలు ఒకదానికొకటి ఎదురు, కలిపేస్తే పట్టవు. ఇంతవరకూ అందంగానే ఉంది. దీనికి ఒకే ఒక్క షరతు: లోపల పొయ్యాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేరు ఆయిలు. ఆయిలైతే మర సందుల్లోకి దిగుతుంది. గ్రీజు దిగదు, పైనే గడ్డకడుతుంది. అడుగున నీళ్లు చేరతాయి, కడ్డీ మర దగ్గర తుప్పు పట్టి సన్నబడుతుంది. ఒక మంచిరోజు మలుపులో కడ్డీ విరుగుతుంది, చక్రం పక్కకి పడుకుంటుంది.

మా బండికి అక్కడ నిపుల్ ఉంది. ఆయిలు గన్నుతో కొట్టడానికి పెట్టింది. కాని నిపుల్ కనిపించాక గ్రీజు గన్ను పెట్టని చెయ్యి మన దేశంలో ఉందా?

ఎడమ దిమ్మ విప్పితే లోపల రాయిలా గట్టిపడ్డ గ్రీజు. పాలిపోయిన పసుపు. గోరుతో గీరి వాసన చూశాను. ఆ వాసన నాకు తెలుసు.

1990 వేసవి. నాకు పద్నాలుగేళ్లు. సెలవులకి మావయ్య ఇంట్లో ఉన్నాను. ఆదివారం ఆదివారం బండికి గ్రీజు కొట్టే పని నాది. కొట్టినందుకు అయిదు రూపాయలు. మడ్‌గార్డు కిందికి దూరి, నిపుల్ తుడిచి, గ్రీజు పక్కల్నించి బయటికి ఉబికేదాకా కొట్టేవాణ్ని. ఎంత ఉబికితే పని అంత బాగా అయినట్టు. "చెయ్యి తిరిగిన పనోడురా మనోడు" అని మావయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వైండింగు పనిలోకి నేనెందుకొచ్చానంటే ఆ మాట వల్లే అని ఇప్పటికీ అనుకుంటాను.

కుడివైపు కడ్డీ ఇంకా పనికొస్తుంది. ఎడమవైపుది మర మొదట్లో సగం తినేసి ఉంది. నాలుగు మిల్లీమీటర్ల లోతు గాడి. 1998లో మావయ్య బండి ఆపెయ్యకపోతే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. ఆయన ఆ బండితోనే తప్తపాణి ఘాటు ఎక్కి దిగేవాడు. ఒకసారి ఘాటు మలుపులో వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక బయటికి విసిరేసిందట. అది వేరే సంగతి. ఈ బండి వెనక ఇరుసులు ఊగే రకం, మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే అలా చేస్తుంది. కాని ఆ రోజు విరిగింది ముందు కడ్డీయే అయ్యుంటే?

నూనె డబ్బా రేకు కొట్టినవాణ్నీ, బ్యాటరీ తిరగేసినవాణ్నీ ఈ డైరీలో ఆరు నెలలుగా తిడుతూ వచ్చాను. ఆ లెక్కలో నేనూ చేరాను.

సాయంత్రం మావయ్య దగ్గరికెళ్లి కడ్డీ చూపించాను. చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని ఆ గాడి మీద వేలు పెట్టి చాలాసేపు రాశాడు. తర్వాత అన్నాడు, "అయితే నా అయిదు రూపాయలు తిరిగిచ్చేయ్".

జూలై 7, రథయాత్ర

ఊరంతా రథం దగ్గర. నేను బ్రేకుల దగ్గర. నాలుగూ డ్రమ్ములే. వీల్ సిలిండర్లు రెండు పట్టేశాయి, మాస్టరు సిలిండరుకి స్టీలు స్లీవు వేయించాను. కొత్త కడ్డీలు, కంచు దిమ్మలు బిగించాం. నిపుల్స్ తీసేసి వాటి చోట మామూలు ప్లగ్గు వేశాను. మళ్లీ ఏ పద్నాలుగేళ్లవాడూ గన్ను పెట్టకుండా.

ఆగస్టు 18

కాగితాల సంగతి. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు జరగని బండిని వింటేజిగా రిజిస్టరు చేసుకోవచ్చు. కొత్తగా రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకుంటే 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఫారం 20తో పాటు ఇన్సూరెన్సు, పాత ఆర్సీ ఇవ్వాలి.

పాత ఆర్సీ మావయ్య ట్రంకుపెట్టెలో దొరికింది. అంచులు చెదలు తిన్నాయి, నంబరు మిగిలింది. అది గంజాం జిల్లా కాగితం. మా గజపతి జిల్లా 1992లో గాని విడిపోలేదు కదా.

మారుతీ ఇంజను సలహా ఇచ్చిన తొమ్మిదిమందికీ ఇప్పుడు నా దగ్గర సర్కారు జవాబుంది. నిజం చెప్పాలంటే నిబంధన లేకపోయినా నేను పెట్టేవాణ్ని కాదు. తీసేశాక ఇది ఏ బండి అనిపించుకుంటుంది? ఒక్క టైర్ల దగ్గర మాత్రం లొంగాను. పాత 5.20-13 రకం కోసం నెలలు తిరిగే కంటే 145/80 ఆర్13 తేలిగ్గా దొరుకుతుంది, రిమ్ము సైజు అదే.

ఒక చిక్కుంది. వింటేజి నంబరు బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనలు, వింటేజి ర్యాలీలు, పెట్రోలు కొట్టించడం, రిపేర్లు, ఇలాంటి వాటికే. మావయ్యకి చెప్తే, "అయితే ఏరు దాటి పాతపట్నం పోయి చింతపండు కొనుక్కోకూడదేట్రా?" అన్నాడు. పెట్రోలు అక్కడ కొట్టించుకుంటే చింతపండు దారిలోనే ఉంటుంది కదా అన్నాను.

ఇంకోటి. గేరు రాడ్డు పైనుండే గుండు పగిలిపోయింది. మా ఊరు కొమ్ముపనికి పేరుపడ్డది. కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చేసే పెద్దాయనకి నమూనా ఇచ్చాను. గేదె కొమ్ము చెక్కి, తిప్పి, మెరుగుపెట్టి మూడు రోజుల్లో ఇచ్చాడు. నల్లగా, లోపల పొగ చారలతో, చేతికి చల్లగా ఉంది. ఇది అసలు రూపం కాదు, తెలుసు. పాత గుండు అంటించి పెట్టెలో దాచాను, ఇన్‌స్పెక్షను రోజున అది పెడతాను.

సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ

పూజ రోజుకి స్టార్టు చేస్తానని ఊరంతా చెప్పుకున్నాను. పులిహోర చేయించాను. ఇరవైమంది వచ్చారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు, బండికి బొట్టు పెట్టారు. నేను సెల్ఫు కొట్టాను.

కార్బురేటరులోంచి ఫట్మని ఒక తుమ్ము, నీలి మంట. పంతులుగారు రెండడుగులు వెనక్కేశారు. మళ్లీ కొట్టాను, మళ్లీ తుమ్ము. ట్యాపెట్లు 10 థౌ, పాయింట్లు 15, ప్లగ్గులు 25, ఫైరింగు వరస 1-3-4-2, అన్నీ నోటి లెక్కలో సరే. అందరూ పులిహోర తిని వెళ్లిపోయారు.

రాత్రి తొమ్మిదికి తట్టింది. మొదటి సిలిండరు పిస్టను పైకొచ్చినప్పుడు రెండు వాల్వులూ మూసి ఉన్నాయా అని చూడకుండా, పైకొచ్చింది కదా అని డిస్ట్రిబ్యూటరు ఇరుసు దింపేశాను. సరిగ్గా అర చుట్టు తేడా. స్పార్కు రావాల్సింది నొక్కుడు చివర, వస్తున్నది పొగ బయటికి పోయే చివర. ఇంజన్లు కట్టే ప్రతివాడూ జీవితంలో ఒకసారి చేసే తప్పు ఇది. ఇరవైమంది ముందు చెయ్యడం నా ప్రత్యేకత.

మర్నాడు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా తిప్పి పెట్టాను. రెండో చుట్టులో అందుకుంది. సైలెన్సరు గొట్టంలోంచి ముందు ఎలకల గూడు వచ్చింది, తర్వాత పొగ, తర్వాత ఒక సన్నటి, తడబడే చప్పుడు. గుంటడు బ్రష్షుతో పళ్లు తోముకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

అక్టోబరు 6

రిజిస్ట్రేషను ఇంకా రాలేదు, కాబట్టి రోడ్డెక్కకూడదు. కాని ఈ బండి గురించి ప్రపంచమంతా చెప్పుకునే గొప్ప ఒకటుంది: పాతిక అడుగుల వ్యాసంలో వెనక్కి తిరిగిపోతుంది. లండను టాక్సీలతో పోల్చేవాళ్లు. మా పెరడు ముప్పై రెండడుగుల వెడల్పు. మధ్యలో తులసికోట.

మావయ్యని పక్కసీట్లో కూర్చోబెట్టాను. ఎనభై రెండేళ్లు, మోకాళ్లు వంగవు. టాపు ఇంకా బిగించలేదు గనక పైనించి ఇద్దరం ఎత్తి దించాం. అందుకోసమే బిగించలేదని అప్పతో అబద్ధం చెప్పాను. ఫస్టు గేరుకి సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగితే గాని వెయ్యకూడదు. కొమ్ము గుండు చేతిలోకి తీసుకుని మెల్లగా వేశాను. క్లచ్చు వదిలాను. కదిలింది.

మొదటి చుట్టు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రాలు దాదాపు అడ్డంగా నిలబడినంత పని అవుతాయి. కొత్త దిమ్మల్లో ఆయిలు పోసి ఉంది, చేతికి వెన్నలా ఉంది. రెండో చుట్టు. ఎడమవైపు ఎక్కడో కీచుమంది, బ్రేకు డ్రమ్మయ్యుంటుంది, రాసుకోవాలి. మూడో చుట్టుకి మా అప్ప వసారాలోకి వచ్చి నిలబడింది. ఇనపకొట్టు మాట ఎత్తలేదు. తులసికోటకి తగిలిస్తే ఊరుకోనని మాత్రం అంది.

నాలుగో చుట్టులో ఇంజను దగ్గి, ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. నా గుండె జారింది. కాయిలా? కండెన్సరా? కిందికి దిగి బానెట్టు ముందుకి ఒరగదీశాను. పంపు గాజుగిన్నెలో చూస్తే ఖాళీ.

"ఎంత పోశావురా పెట్రోలు?" అన్నాడు మావయ్య, కదలకుండా.

"రెండు లీటర్లు."

"డిక్కీ తియ్యి. ట్యాంకు పక్కన లివరుంటాది. తిప్పు."

ఆ లివరుని నేనే ఆ మధ్య కిరసనాయిలు పోసి వదులు చేశాను. అదెందుకుందో అప్పుడాలోచించలేదు. ట్యాంకు లోపలి గొట్టాన్ని తిప్పి, అడుగున మిగిలిన పెట్రోలు అందుకునేలా చేస్తుందది. రిజర్వు. తిప్పాను. పంపు కింది చేతి మీటని పదిసార్లు కొట్టాను. గాజుగిన్నెలో ఎర్రగా మట్టం లేచింది.

మిగిలిన పనులు: ఎడమ డ్రమ్ము కీచు. టాపు బిగించాలి. డ్యాష్‌బోర్డు చెక్కకి పాలిషు. వైపరు మోటారు. ఎడమ తలుపు గట్టిగా కొడితే గాని పడటం లేదు. అక్కడ మూడు కమ్ములు వెల్డు చెయ్యమని భైనా అన్నాడు, నేను రెండు చాలన్నాను.